అప్పు కాగితం చదివే విలేకరి కావాలి

ప్రపంచ బ్యాంకు గురించో ఆసియా అభివృద్ధి బ్యాంకు గురించో రాయడానికి తెలుగు విలేకరికి ప్రత్యేక శిక్షణ అక్కర్లేదన్నది మన పత్రికారంగంలో చాలామంది ఒప్పుకున్న మాట. ఆ వార్తలు ఢిల్లీ నుంచో వాషింగ్టన్ నుంచో వస్తాయి, ఏజెన్సీ కాపీ ఉంటుంది, సచివాలయం నుంచి ప్రెస్ నోటు అందుతుంది, తెలుగు చేసి పేజీలో పెడితే పని అయిపోతుంది. అంతకు మించి లోపలికి వెళ్లాలంటే ఎకనామిక్స్ చదివినవాళ్లు కావాలి. వాళ్లు మన డెస్కుల్లో తక్కువ, ఉన్నా వాళ్లు రాసింది చదివే పాఠకుడు లేడు. ఈ వాదానికి కొన్నేళ్లుగా ఇంకొకటి తోడైంది. మరీ ఎక్కువ తవ్వితే బ్యాంకు వెనక్కి పోతుంది, రాష్ట్రం నష్టపోతుంది, అందుకని రాయకుండా ఉండడమే రాష్ట్రానికి మేలు అని. దుబాయ్‌లో, ముఖ్యంగా మేముండే కరామాలో, ఈ చివరి మాట గట్టిగా వినిపిస్తుంది. ఊరికి దూరంగా ఉన్నవాళ్లకి ఊరి పరువు మీద పట్టింపు ఎక్కువ. ఆ పట్టింపు మీద నాకు గౌరవం ఉంది. దాని మీద కట్టుకున్న ఈ వాదం మాత్రం మొదలు నుంచి తుద దాకా తప్పు.

పాఠకుడు లేడన్న దగ్గర మొదలుపెడతాను. కరామాలో జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఓ మిత్రుడు నాతో అన్న మాట ఇది: "గా బ్యాంకుల ముచ్చట మనకెందుకన్నా? మన తిప్పలు మనకు చాలవా?" నెల జీతం పడగానే ఆయనే ఎక్స్ఛేంజ్ కౌంటర్ ముందు వరసలో నిలబడతాడు. అక్కడ అద్దం మీద "ఫీజు లేదు" అని కాగితం అంటించి ఉంటుంది. పైన బోర్డు మీద ఎర్రంకెల్లో రూపాయి రేటు మెరుస్తుంటుంది. ఆ రోజు మార్కెట్‌లో దిర్హామ్ 23 రూపాయలు పలుకుతోందనుకుందాం, బోర్డు మీద 22 రూపాయల 80 పైసలు ఉందనుకుందాం. వెయ్యి దిర్హాములు పంపే మనిషి ఫీజు కింద ఒక్క దిర్హామ్ కట్టకుండానే 200 రూపాయలు వదులుకున్నట్టు. దిర్హామ్ 1997 నుంచీ డాలరుకి 3.6725 చొప్పున కట్టేసి ఉంది కాబట్టి ఈ లెక్క వేయడం కష్టమేమీ కాదు. ఫీజునీ రేటులో దాచుకున్న ఈ కోతనీ విడివిడిగా లెక్కగట్టి, యూఏఈ నుంచి భారత్‌కి డబ్బు పంపితే ఎంత పోతుందో ప్రచురిస్తున్నది ఎవరు? ప్రపంచ బ్యాంకే. దేశానికి దేశం చొప్పున పంపే ఖర్చుల పట్టికని అది ఏళ్ల తరబడి ఎవరైనా చూసుకునేలా ఉచితంగా పెడుతోంది. 2030 నాటికి ఈ ఖర్చుని 3 శాతం లోపుకి దించాలన్నది ఐక్యరాజ్య సమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో ఒకటి. రిజర్వ్ బ్యాంకు సర్వే ప్రకారం 2023-24లో మన దేశానికి ప్రవాసులు పంపిన సొమ్ములో యూఏఈ వాటా 19.2 శాతం. అందుకున్న రాష్ట్రాల్లో తెలంగాణ వాటా 8.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌ది 4.4 శాతం. ఇంత డబ్బు నడిచే దారిలో ఎవరు ఎంత కోసుకుంటున్నారో మూడు నెలలకోసారి తెలుగులో చెప్పే శీర్షిక నా కంటపడలేదు. ఆ పట్టిక ఒకటుందని, దాన్ని ఇలా చదవాలని గల్ఫ్ వార్తలు రాసే కంట్రిబ్యూటర్‌కి ఎవరూ చెప్పలేదు. పాఠకుడు ఎక్స్ఛేంజ్ ముందు వరసలోనే ఉన్నాడు. లేనిది రాసే మనిషి.

కరామాకీ ఈ బ్యాంకులకీ ఏం సంబంధమని అడిగేవాళ్లుంటారు. 2003 సెప్టెంబరులో ప్రపంచ బ్యాంకు, అంతర్జాతీయ ద్రవ్యనిధి తమ వార్షిక సమావేశాలు జరుపుకున్నది దుబాయ్‌లోనే. ఆ సభలు జరిగిన వరల్డ్ ట్రేడ్ సెంటర్ ఆవరణ కరామా వాళ్లకి ఇవాళ మెట్రోలో రెండు స్టేషన్ల దూరం. బీజింగ్ కేంద్రంగా 2016లో పని మొదలుపెట్టిన ఆసియా మౌలిక వసతుల పెట్టుబడి బ్యాంకు, మనవాళ్లు ఏఐఐబీ అనేది, చైనా బయట తన మొదటి కార్యాలయాన్ని అబుదాబిలో తెరిచింది. బ్రిక్స్ దేశాలు పెట్టుకున్న న్యూ డెవలప్‌మెంట్ బ్యాంకులో యూఏఈ 2021లో సభ్యదేశమైంది. ఆంధ్రప్రదేశ్ గ్రామీణ రహదారులకు 2018లో 45.5 కోట్ల డాలర్లు మంజూరు చేసింది ఇదే ఏఐఐబీ. దానికి ముందు ఏడాది 24 గంటల కరెంటు పథకానికి ప్రపంచ బ్యాంకు 24 కోట్ల డాలర్లిస్తే పక్కన నిలబడి 16 కోట్లిచ్చిందీ అదే. మన ఊళ్ల రోడ్లకి, కరెంటు స్తంభాలకి అప్పిచ్చిన బ్యాంకు కార్యాలయం ఇక్కడికి బస్సులో వెళ్లి రాగలిగినంత దగ్గరుంది. ఇక్కడ పత్రికారచనకి అనుమతులు కావాలి, హద్దులున్నాయి, అది తెలియక అనడం లేదు. బ్యాంకు తానే బహిరంగంగా పెట్టిన పత్రాన్ని తెరిచి చదవడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ప్రెస్ నోటు చాలన్న వాదానికి మనం ఒకసారి చెల్లించిన ధర పెద్దది. ఉమ్మడి రాష్ట్రంలో 1998లో విద్యుత్ సంస్కరణల చట్టం వచ్చింది. 1999 ఫిబ్రవరిలో విద్యుత్ బోర్డుని ముక్కలు చేశారు. అదే నెలలో ప్రపంచ బ్యాంకు 21 కోట్ల డాలర్ల అప్పుకి ఆమోదం తెలిపింది. అది ఒక్క అప్పు కాదు. విడతలవారీగా, ముందు విడతలో ఒప్పుకున్నవి నెరవేర్చితేనే తర్వాతి విడత దక్కేలా అల్లిన వరస అప్పుల్లో మొదటిది. నష్టాలు తగ్గించుకోవడం, ఛార్జీలు పెంచుకుంటూ పోవడం, పంపిణీని ప్రైవేటు చేతికివ్వడం ఆ అల్లికలోని పోగులు. 2000లో ఛార్జీలు పెరిగాయి. ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపారు, ముగ్గురు చనిపోయారు. ఆ వార్త తెలియని తెలుగువాడు అప్పట్లో లేడు. దాని వెనకున్న కాగితాల్లో ఏముందో, ఏ షరతు ఎవరు ఎప్పుడు ఒప్పుకున్నారో, ఏ ఏడాదికి ఎంత మేర పెంపు అనుకున్నారో తెలిసినవాళ్లెందరు? అప్పటి ముఖ్యమంత్రి మీద ఒక పక్క "ప్రపంచ బ్యాంకు ఏజెంటు" అన్న తిట్టు, ఇంకో పక్క "సంస్కరణల రథసారథి" అన్న పొగడ్త. ఈ రెండింటి మధ్య నలిగిపోయింది అసలు పత్రం. తిట్టినవాళ్లకీ పొగిడినవాళ్లకీ దాన్ని చదవాల్సిన అవసరం లేకపోయింది. ఆ రోజుల్లో ఓ జిల్లా విలేకరి వచ్చే ఏడాది ఛార్జీలు ఇంత మేర పెరగబోతున్నాయి, దానికి ఆధారం ఫలానా పేజీ అని ముందుగా రాసి ఉంటే జనం రోడ్డెక్కే దాకా ఆగక విద్యుత్ నియంత్రణ మండలి బహిరంగ విచారణల్లోనే నిలదీసేవాళ్లు. ఆ విచారణలకి వెళ్లి అంకెలతో వాదించినవాళ్లు కొందరున్నారు, వాళ్లకి నమస్కారం. వాళ్లకి తోడుగా నిలబడగలిగిన పత్రికలు చాలినన్ని లేవు.

అమరావతి విషయానికొస్తే ఈ లోటు ఇంకా స్పష్టంగా కనబడుతుంది, అందుకే ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగాలి. రాజధాని మౌలిక వసతుల కోసం ప్రపంచ బ్యాంకు 30 కోట్ల డాలర్లు, ఏఐఐబీ 20 కోట్ల డాలర్లు ఇవ్వాలన్నది మొదటి ప్రతిపాదన. 2017 మేలో ఆ ప్రాంతపు రైతులు కొందరు ప్రపంచ బ్యాంకులోని తనిఖీ సంఘానికి ఫిర్యాదు చేశారు. రాజధాని కోసం జరిపిన భూసమీకరణ నిజంగా స్వచ్ఛందమేనా, భూమి లేని కూలీల బతుకు సంగతేమిటి, వరద ముంపు మాటేమిటి అన్నవి వాళ్ల ప్రశ్నలు. ఆ సంఘం వాళ్లు వచ్చి ఊళ్లు తిరిగారు. రెండేళ్లు నడిచింది వ్యవహారం. 2019 జులైలో ఆ అప్పు రద్దయింది. మర్నాడు తెలుగునాట జరిగిన రచ్చ గుర్తుందా? కొత్త ప్రభుత్వం వల్లే పోయిందని ఒక వర్గం, పాత ప్రభుత్వం భూముల వ్యవహారం చూసి బ్యాంకు పారిపోయిందని ఇంకో వర్గం. ప్రపంచ బ్యాంకు ప్రకటనలో ఉన్నది వేరు. జులై 15న భారత ప్రభుత్వం తన విన్నపాన్ని వెనక్కి తీసుకుంది, అందుకని ప్రాజెక్టు పరిశీలన ఆపేశామని అది చెప్పింది. రాష్ట్రానికి వంద కోట్ల డాలర్లకు మించిన సాయం కొనసాగుతోందని, అందులో జూన్ నెలాఖరులోనే సంతకాలైన 32.8 కోట్ల డాలర్ల ఆరోగ్య ప్రాజెక్టు కూడా ఉందని వివరించింది. అప్పు అడిగేది రాష్ట్రం కాదు, కేంద్రం. వెనక్కి తీసుకునేదీ కేంద్రమే. ఈ ఒక్క సంగతి తెలిసిన విలేకరి మొదటి ఫోను విజయవాడకి కాకుండా ఢిల్లీలో ఆర్థిక వ్యవహారాల విభాగానికి చేస్తాడు. కేంద్రం ఎందుకు వెనక్కి తీసుకుందో అక్కడ అడుగుతాడు. తనిఖీకి ఒప్పుకోవడం ఇష్టం లేకనా, రాష్ట్రం కోరినందుకా, మరొకటా? ఆ ప్రశ్న గట్టిగా అడగకుండానే మన దగ్గర రెండు పార్టీల చర్చా కార్యక్రమాలు వారం రోజులు నడిచాయి.

ఇదే కథ 2024లో మళ్లీ మొదలైంది. ఆ జులై 23న కేంద్ర బడ్జెట్ ప్రసంగంలో ఆర్థిక మంత్రి రాజధాని కోసం బహుళపక్ష అభివృద్ధి సంస్థల ద్వారా ఆ ఏడాది 15,000 కోట్ల రూపాయలు సమకూరుస్తామన్నారు. ఆ సాయంత్రం కరామాలో స్వీట్లు పంచుకున్నారు. సంతోషపడటంలో తప్పు లేదు, నాకూ సంతోషమే అనిపించింది. ఆ సొమ్ము గ్రాంటా, అప్పా, అప్పయితే తీర్చేదెవరు అన్న ప్రశ్న మాత్రం చాలామందికి ఆ తర్వాత కొన్ని రోజులకి గానీ తట్టలేదు. ప్రసంగంలో బహుళపక్ష సంస్థలు అన్నప్పుడే విలేకరి చెవులు నిక్కబొడుచుకోవాలి. డిసెంబరులో ఆసియా అభివృద్ధి బ్యాంకు 78.88 కోట్ల డాలర్ల విలువైన అప్పుకి, వారం తర్వాత ప్రపంచ బ్యాంకు 80 కోట్ల డాలర్లకి ఆమోదం తెలిపాయి. ఆసియా అభివృద్ధి బ్యాంకు అప్పు లెక్కించింది జపాన్ యెన్లలో, దాదాపు 12,197 కోట్ల యెన్లు. రూపాయి మీద యెన్ బలపడితే తీర్చాల్సిన మొత్తం పెరుగుతుంది. ఆ నష్టం ఎవరి ఖాతాలో పడుతుంది? 2005 నుంచి సాధారణ రాష్ట్రాలకు విదేశీ అప్పుని కేంద్రం తనకు వచ్చిన షరతుల మీదే అందిస్తోంది, అంటే మారకపు నష్టం రాష్ట్రం మోయాల్సిందే. అమరావతికి ఈ నియమమే వర్తిస్తుందా, ప్రత్యేకంగా ఏమన్నా ఒప్పుకున్నారా? ఇది పాఠకుడి పిల్లలు కట్టబోయే పన్నుల సంగతి. "రాజధానికి నిధుల వరద" అన్న శీర్షిక కింద ఈ ప్రశ్న ఉండి తీరాలి.

ఇంకా లోపలికి వెళ్లాలి. 2017 నాటి ప్రతిపాదన ఒక రకం అప్పు. అందులో రోడ్డు వేసినా కాలవ తవ్వినా పునరావాసం, పర్యావరణం విషయంలో బ్యాంకు నియమాలే నేరుగా వర్తిస్తాయి. 2024లో వచ్చింది ఫలితాల ఆధారంగా డబ్బు విడుదలయ్యే అప్పు. అందులో నమ్ముకునేది రాష్ట్రం సొంత చట్టాలని, సొంత యంత్రాంగాన్ని. అవి సరిపోతాయా లేదా అని బ్యాంకు ముందుగా ఒక అంచనా పత్రం తయారుచేస్తుంది, లోపాలుంటే సరిదిద్దుకోమని పనుల పట్టిక ఇస్తుంది, ఒప్పుకున్న సూచికలు నెరవేరిన కొద్దీ సొమ్ము విడుదల చేస్తుంది. పైకి ఇది సాంకేతిక విషయంలా కనబడుతుంది. రాజధాని ప్రాంతంలోని తుళ్లూరు మండలంలో కూలీకి మాత్రం ఇదే అసలు విషయం. భూమి లేని కూలీ కుటుంబాలకి మొదట్లో నెలకి 2,500 రూపాయల పింఛను అన్నారు. అది ఆగినా, ఆలస్యమైనా, అందాల్సినవాళ్ల పేరు జాబితాలోంచి పోయినా ఏ పత్రంలోని ఏ మాటని పట్టుకుని అడగాలో మారిపోయింది. ఈ తేడా ఎకనామిక్స్ పాఠ్యపుస్తకంలో దొరకదు. పత్రం పక్కన పత్రం పెట్టుకుని చదివితే దొరుకుతుంది. మెడిసిన్ చదవకుండానే ఆసుపత్రి వార్తలు, లా చదవకుండానే కోర్టు వార్తలు పాతికేళ్లుగా నిక్కచ్చిగా రాస్తున్న విలేకరులు మన జిల్లాల్లో ఎందరో ఉన్నారు. ఎఫ్ఐఆర్ చదవడం, పోస్ట్‌మార్టమ్ నివేదికలో ఏ గడి చూడాలో తెలుసుకోవడం ఎవరో సీనియర్ పక్కన కూర్చోబెట్టుకుని నేర్పారు. అప్పు ఒప్పందం చదవడం కూడా అలా నేర్పితే వచ్చే విద్యే.

తవ్వితే నిధులు పోతాయన్న భయానికి జవాబు ఈ కథలోనే ఉంది. రైతుల ఫిర్యాదు, తనిఖీ, రద్దు అన్నీ జరిగిన అమరావతికే అదే ప్రపంచ బ్యాంకు అయిదేళ్లకి తిరిగొచ్చింది. 30 కోట్లనుకున్న చోట 80 కోట్లిచ్చింది. మారింది ప్రభుత్వాల నిర్ణయం. ప్రశ్నలకి బెదిరి శాశ్వతంగా వెళ్లిపోయే సంస్థయితే 1993 తర్వాత అది భారత్ ముఖమే చూడకూడదు. నర్మద మీద సర్దార్ సరోవర్ ఆనకట్టకి 1985లో 45 కోట్ల డాలర్లు ఒప్పుకున్న బ్యాంకుకి, నిర్వాసితుల పోరాటం వల్ల స్వతంత్ర సమీక్షా బృందాన్ని వేయాల్సి వచ్చింది. బ్రాడ్‌ఫోర్డ్ మోర్స్ నాయకత్వంలోని ఆ బృందం 1992లో బ్యాంకుని తీవ్రంగా తప్పుపట్టింది. 1993 మార్చిలో మిగిలిన అప్పు వద్దని భారత ప్రభుత్వమే చెప్పింది. ఆ ఏడాది సెప్టెంబరులో తనిఖీ సంఘం పుట్టింది. ఆ తర్వాత మన దేశానికి అప్పులు ఆగాయా? ప్రపంచ బ్యాంకు నుంచి ఎక్కువ అప్పు తీసుకున్న దేశాల్లో మనం ఉంటూనే ఉన్నాం. అమరావతి రైతులు తలుపు తట్టిన సంఘం నర్మద లోయలో మునిగిన ఊళ్ల వల్ల వచ్చింది. తెలుగు విలేకరుల్లో ఈ వంశవృక్షం తెలిసినవాళ్లు బహు తక్కువ. ఆ సంఘానికి ఇద్దరు మనుషులు కలిసి ఫిర్యాదు రాసుకోవచ్చు, ఏ భాషలోనైనా రాయొచ్చు, అంటే తెలుగులోనూ రాయొచ్చు. ఈ రెండు వాక్యాలు అప్పుతో పని జరుగుతున్న ప్రతి మండలంలో జిల్లా పేజీలో ఒక్కసారైనా అచ్చు కావాలి.

ప్రెస్ నోటు మీద ఆధారపడేవాళ్లకి ఇంకో సంగతి. అసలు ప్రెస్ నోటే రాని అప్పులున్నాయి. ప్రపంచ బ్యాంకు సముదాయంలోని అంతర్జాతీయ ఫైనాన్స్ సంస్థ ప్రైవేటు కంపెనీలకు నేరుగా డబ్బిస్తుంది. మధ్యలో సచివాలయం ఉండదు, మంత్రి సంతకం ఉండదు. గుజరాత్‌లోని ముంద్రా దగ్గర టాటాల బొగ్గు విద్యుత్ కేంద్రానికి అది 2008లో 45 కోట్ల డాలర్ల అప్పిచ్చింది. చేపలు పోయాయని, నీళ్లు చెడ్డాయని అక్కడి మత్స్యకారులు ముందు ఆ సంస్థ లోపలి ఫిర్యాదుల విభాగానికి, తర్వాత ఏకంగా అమెరికా కోర్టులకు వెళ్లారు. 2019 ఫిబ్రవరి 27న అమెరికా సుప్రీంకోర్టు, ఇలాంటి సంస్థలకు దావాల నుంచి సంపూర్ణ రక్షణ లేదని ఏడుగురు న్యాయమూర్తుల మెజారిటీతో తీర్పిచ్చింది. తర్వాత కింది కోర్టుల్లో వాళ్ల దావా నిలవలేదు, అదీ చెప్పాలి. కచ్ తీరంలో వల వేసే మనిషి పేరుతో వాషింగ్టన్‌లో తీర్పు వచ్చిందంటే, ఫలానా కంపెనీకి ఫలానా చోటు నుంచి డబ్బొచ్చిందని ఎవరో కాగితాలు వెతికి చెప్పబట్టే. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా మనకీ తీరం ఉంది, విద్యుత్ కేంద్రాలున్నాయి, రేవులున్నాయి. వాటి వెనక ఏ బ్యాంకు ఉందో చూడాలన్న ఆలోచన వచ్చేలా మన విలేకరిని తయారుచేశామా?

ర్యాంకుల సంగతి కూడా ఇందులో భాగమే. 2015లో కేంద్ర పారిశ్రామిక శాఖ ప్రపంచ బ్యాంకుతో కలిసి వ్యాపార సౌలభ్యంలో రాష్ట్రాలకు ర్యాంకులిచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ రెండోది, మరుసటి ఏడాది రెండు తెలుగు రాష్ట్రాలూ కలిసి మొదటివి. ఎన్ని పతాక శీర్షికలు, ఎన్ని ఫ్లెక్సీలు! ఆ కొలతలకి మూలమైన ప్రపంచ బ్యాంకు దేశాల ర్యాంకుల నివేదికలో అంకెలు మార్చారని తేలి, 2021 సెప్టెంబరులో బ్యాంకు దాన్ని పూర్తిగా ఎత్తేసింది. గోల్‌మాల్ బయటపడిన లెక్కల్లో చైనా, సౌదీ, అజర్‌బైజాన్‌తో పాటు యూఏఈవి కూడా ఉన్నాయి. సరిదిద్దాక యూఏఈ ర్యాంకు మారలేదు, 16లోనే ఉంది. చైనాది 78 నుంచి 85కి జారింది. ర్యాంకు వచ్చిన రోజు ఎంత చోటిచ్చారో, కొలబద్ద విరిగిన రోజు అందులో పదో వంతన్నా ఇవ్వడం న్యాయం. ఆ కొలబద్ద ఎలా పనిచేస్తుందో తెలిసిన విలేకరి ఉంటే మొదటి రోజే అడిగేవాడు: ఈ ర్యాంకు వ్యాపారుల్ని అడిగి ఇచ్చిందా, ప్రభుత్వం తనకు తాను నింపిన పట్టిక చూసి ఇచ్చిందా?

"బ్యాంకులే శిక్షణ ఇస్తున్నాయి కదా, పంపిస్తే పోలా?" అంటారు కొందరు సంపాదకులు. ప్రపంచ బ్యాంకు 1955లోనే ఒక శిక్షణ సంస్థ పెట్టింది. తర్వాత ప్రపంచ బ్యాంకు ఇన్‌స్టిట్యూట్‌గా పేరు మార్చుకున్న ఆ సంస్థ విలేకరులకీ పాఠాలు చెప్పింది, అభివృద్ధిలో పత్రికల పాత్ర మీద 2002లో పుస్తకమే వేసింది. ఆ పాఠాల్లో పనికొచ్చేది ఉంది, కాదనను. పరిభాష తెలుస్తుంది, ఏ పత్రం ఏ దశలో వస్తుందో తెలుస్తుంది, మాట్లాడే మనుషులు దొరుకుతారు. కానీ అప్పిచ్చేవాడు పెట్టిన బడిలో ఏ పాఠం ముందు, ఏ పాఠం వెనక అన్నది అప్పిచ్చేవాడే నిర్ణయిస్తాడు. విమానం టికెట్టు, హోటల్ గది, సర్టిఫికెట్టు వాళ్లవైనప్పుడు వెనక్కొచ్చిన విలేకరి మొదటి వార్త ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. మరో వైపు నుంచి, బ్యాంకుల మీద పోరాడే సంస్థలు పెట్టే శిబిరాలున్నాయి. వాళ్ల దగ్గర ఓపిక ఉంది, పత్రాలున్నాయి, ఊళ్ల సంగతి తెలుసు. వాళ్లు ముందే తీర్పు రాసుకుని పాఠం మొదలుపెడతారు. అప్పు వల్ల బాగుపడ్డ ఆసుపత్రి ఆ పాఠంలో కనిపించదు. 1994లో మొదలైన ప్రపంచ బ్యాంకు ఆరోగ్య ప్రాజెక్టు కింద మన జిల్లా ఆసుపత్రులు చాలా మారాయి. వాటిలో పురుడు పోసుకున్న తల్లుల్ని అడగకుండా రాసిన విమర్శ సగం విమర్శే. విలేకరి రెండు చోట్లకీ వెళ్లొచ్చు. పాఠ్య ప్రణాళిక మాత్రం పత్రికారంగం చేతిలో ఉండాలి. రెండు రాష్ట్రాల్లోనూ మీడియా అకాడమీలున్నాయి, విశ్వవిద్యాలయాల్లో జర్నలిజం శాఖలున్నాయి, పెద్ద పత్రికలకి సొంత బడులున్నాయి. ఇది వాళ్ల పని.

ఎవరికి నేర్పాలన్న దాని మీద నాకు ఏ మొహమాటమూ లేదు. హైదరాబాద్‌లోనో అమరావతిలోనో ఉండే ప్రత్యేక ప్రతినిధికి కాదు, మండల కంట్రిబ్యూటర్‌కి. 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు మొదలుపెట్టాక తెలుగు పత్రికలన్నీ ఆ దారి పట్టాయి. మండలానికో మనిషి ఉన్న ఇలాంటి అల్లిక చాలా భాషల్లో లేదు. అప్పు సంతకం ఢిల్లీలో జరుగుతుంది, ఆమోదం వాషింగ్టన్‌లోనో మనీలాలోనో బీజింగ్‌లోనో జరుగుతుంది, కానీ రోడ్డు పడేది మండలంలోనే. కంకర మందం ఎంతుండాలో, పక్కన చెట్టు కొడితే ఎన్ని నాటాలో, కూలికి కనీస వేతనం ఇస్తున్నారో లేదో చూడగలిగినవాడు అక్కడే ఉన్నాడు. వాడికి జీతం లేదు, అచ్చయిన వార్త కొలతని బట్టి అణా బేడా వస్తుంది, ప్రకటనలు తెమ్మని పైనుంచి ఒత్తిడి. ఇలాంటి మనిషి మీద ఇంకో బరువు పెట్టడం అన్యాయం కాదా అని అడిగితే అన్యాయమే, ముందు వాడికి సరైన డబ్బివ్వాలి. శిక్షణ గురించి మాట్లాడి వేతనం గురించి మాట్లాడకపోతే ఆ మాటకి విలువ లేదు.

ఇంగ్లీషు అడ్డం అంటారు. నిజమే, మూడొందల పేజీల అంచనా పత్రం ఇంగ్లీషులో ఉంటుంది. దాన్ని మొదటి పేజీ నుంచి చివరి దాకా చదవమని ఎవరూ అడగడం లేదు. ముందు తొలి పేజీల్లో ఆమోదం తేదీ, మొత్తం, కరెన్సీ, ముగింపు తేదీ. తర్వాత సూచికల పట్టిక, అందులో ఏది నెరవేరితే ఎంత విడుదలవుతుందో. తర్వాత నష్టాల అంచనా, అక్కడ బ్యాంకు తానే "ఎక్కువ ముప్పు" అని గుర్తుపెట్టిన గడులుంటాయి. మన విలేకరి వార్త అక్కడి నుంచే మొదలవ్వాలి, ఎందుకంటే అది ప్రతిపక్షం ఆరోపణ కాదు, అప్పిచ్చినవాడి సొంత అనుమానం. ఆపైన ఆరు నెలలకో ఏడాదికో వచ్చే అమలు నివేదికలు. ప్రాజెక్టు పురోగతికి ఇచ్చే రేటింగు "సంతృప్తికరం" నుంచి ఒక మెట్టు దిగిందా అన్నది ఒక్క చూపులో తెలుస్తుంది. ప్రపంచ బ్యాంకు 2010 జులై నుంచి మినహాయింపులున్నవి తప్ప పత్రాలన్నీ బహిరంగమే అన్న విధానం పాటిస్తోంది. సమాచార హక్కు దరఖాస్తు పెట్టి నెలల తరబడి తహశీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగే మన విలేకరికి, అడక్కుండానే దొరికే కాగితం ఉందని తెలియకపోవడం బాధాకరం. ఊరి ప్రజలకి తెలియాల్సిన ముఖ్యాంశాలు స్థానిక భాషలో అందుబాటులో పెట్టాలని బ్యాంకు నియమాల్లోనే ఉంది. తెలుగు ప్రతి ఎక్కడ పెట్టారు, పంచాయతీ ఆఫీసులో ఉందా అని అడగడమే మొదటి వార్త అవుతుంది.

అమరావతి అప్పులు ఇప్పుడు నడుస్తున్నాయి. వాయిదాలు విడుదలయ్యేది సూచికలు నెరవేరాయన్న ధ్రువీకరణ మీద. ఆ ధ్రువీకరణ ఎవరిచ్చారు, ఊళ్లోకి వచ్చి చూశారా, కాగితాలు చూసి సరిపెట్టారా? ఫిర్యాదుల పుస్తకం ఏ కార్యాలయంలో ఉంది, అందులో ఎన్ని ఫిర్యాదులు రాశారు, ఎన్ని మూసేశారు, మూసేసిన వాటిలో ఫిర్యాదుదారు సంతకం ఉందా? తుళ్లూరు, తాడేపల్లి, మంగళగిరి కంట్రిబ్యూటర్లు వచ్చే వారం అడగాల్సిన ప్రశ్నలివి. వాళ్లకి ఆ సూచికల పట్టిక చేతికిచ్చి, రెండు రోజులు పక్కన కూర్చుని చూపించే మనిషిని పంపమని అకాడమీలని అడుగుతున్నాను. అబుదాబిలో ఏఐఐబీ తలుపు తట్టే పని కరామాలో ఉన్న మాకు వదిలేయండి.